ఒక స్క్రీన్ మీద ఉన్నాడు, ఇంకో స్క్రీన్ మీద లేడు

2023 ఫిబ్రవరి. పల్నాడు జిల్లా ఏర్పడి ఇంకా ఏడాది నిండలేదు. నరసరావుపేట జిల్లా కేంద్రం అయిందన్న సంబరంలో ప్రతి మేడ మీదా ఏదో ఒక ఆఫీసు బోర్డు లేచింది. మా సాఫ్ట్‌వేర్ ఆఫీసు అంతకుముందు నుంచే ఉంది. కింద ఎరువుల కొట్టు, మధ్యలో కళ్ళ డాక్టరు, పైన రేకుల షెడ్డులో మేము. "సాఫ్ట్‌వేరంటే హైదరాబాదులో గందా ఉండేది, పేటలో ఏందమ్మా?" అని అడగని చుట్టం లేడు. కోల్డ్ స్టోరేజీలకు బిల్లింగు, స్కూళ్ళకు ఫీజుల యాప్, ఆస్పత్రులకు టోకెన్ల యాప్, ఇట్లాంటివి రాసేవాళ్ళం. అవీ సాఫ్ట్‌వేరే.

నా పేరు నస్రీన్. మా నాన్న లారీ మెకానిక్. ఎమ్సీఏ అయ్యాక ఈ ఆఫీసులోనే చేరాను. ఈ వృత్తి తెలియనివాళ్ళు మేమేదో పొద్దస్తమానం కొత్తవి కనిపెడుతుంటామని అనుకుంటారు. అంత సీను లేదు. ఎవరో చేతులతో, నోటితో చేసుకుంటున్న పనిని ఫోన్‌లో జరిగేలా రాస్తాం. దానికి ముందు ఆ పని వాళ్ళు ఎట్లా చేసుకుంటున్నారో కూర్చుని చూడాలి. చూడకపోతే ఏమవుతుందో నాకు తెలిసినంత బాగా ఈ ఊళ్ళో ఎవరికీ తెలియదు. కడుపుమంటతోనే రాస్తున్నాను. చల్లగా రాయడం నాకు చేతకాదు.

పేటలో ఒక డయాలిసిస్ సెంటర్‌కు నేను వ్యాన్ యాప్ రాశాను. కిడ్నీలు పనిచేయనివాళ్ళకు వారానికి మూడుసార్లు మిషన్ మీద రక్తం శుభ్రం చేయాలి. ఒకసారి తప్పితే ఒంట్లో నీరు నిలిచిపోతుంది, ఊపిరాడదు. మాచర్ల, రెంటచింతల, గురజాల వైపు నుంచి వచ్చే పేదవాళ్ళ కోసం ఆ సెంటర్ ఉచితంగా ఒక వ్యాన్ నడిపేది. ఎవరెవర్ని ఎక్కడెక్కడ ఎక్కించుకోవాలో చూపించడమే నా యాప్ పని. దాన్ని జావా అనే భాషలో రాశాను. కంప్యూటర్‌కు పనులు చెప్పే భాషల్లో జావా పాతది, వాడుక బాగా ఉన్నది.

రాసే ముందు సెంటర్ రిసెప్షన్‌లో కూర్చుని పద్మక్క పని చూశాను. ప్రతి పేషెంటు పేరు ఎదురుగా ఎక్కించుకోవాల్సిన చోటు రాసి ఉంటుంది, కొందరికి మాత్రం ఆ గడి ఖాళీ. మర్చిపోయిందేమోనని అడిగాను.

"ఖాళీ కాదమ్మాయ్ అది. అడగాలని లెక్క," అంది పద్మక్క. "ఇదిగో ఈ ఇన్నయ్య ఉన్నాడు. ఆయన పెళ్ళాం శౌరమ్మ మిరపకాయ కోతలకు పోయిద్ది. ఇంటికాడ చూసేవాళ్ళు లేక ఆయన్నీ తీసకపోయిద్ది. ఈ వారం గురజాల కాడ చేలో, వచ్చే వారం కారెంపూడి పక్కన. నేను ఏ ఊరని రాసేది? నిన్నటి ఊరు రాస్తే రేపు బండి అక్కడికే పోయి హారన్ కొట్టిద్ది. అందుకే బండి బయలుదేరే ముందు ఫోన్ చేసి అడుగుతా."

మిరప కోతల కాలంలో మా వైపు కూలి జనం అంతే. ముఠాలుగా కదులుతారు. కాయ ఎక్కడ పండితే అక్కడ గుడిసె. ఒక చోటు రాస్తే అబద్ధం అవుతుంది, ఖాళీగా వదిలేస్తేనే నిజం. నాకు అర్థమైంది. ఖాళీ ఉన్న పేర్లు పద్మక్క స్క్రీన్ మీద అన్నిటికన్నా పైన, ఎర్ర అక్షరాల్లో, "ఫోన్ చేసి అడగాలి" అన్న మాటతో వచ్చేలా రాశాను. ఆమె అడిగి, డ్రైవర్ మీరావలి మామకు వాట్సాప్‌లో చెప్పేది. ఏ గొడవా లేకుండా నడిచింది.

ఇన్నయ్యను సెంటర్‌లో చాలాసార్లు చూశాను. ఒకప్పుడు నాపరాయి క్వారీలో పనిచేసిన మనిషి. చేతులు ఇంకా గట్టిగానే ఉండేవి, కాళ్ళే వాచిపోయేవి. సొంతూరు రెంటచింతల, ఎండలకు రాష్ట్రమంతా పేరుమోసిన ఊరు. నీళ్ళు కొలిచి తాగాలని డాక్టరు చెబితే, "రెంటచింతలోడికి నీళ్ళు తాగొద్దని చెప్పటమా? ఆ శిక్ష జైల్లో గూడా ఎయ్యరు సారూ" అనేవాడు. ఒకసారి నా ఫోన్‌లోకి తొంగిచూసి, "నా పేరు ఎర్రగా రాసినావేందమ్మా, నేనేమన్నా దొంగనా?" అన్నాడు. "కాదు బాబాయ్, నిన్ను అడక్కుండా బండి కదలకూడదని" అన్నాను. "అబ్బో, పెళ్ళికొడుకు మర్యాదే!" అని నవ్వాడు. శౌరమ్మ పక్కనే కూర్చుని గోళ్ళ కింద దిగిన మిరప ఘాటుకు వేళ్ళు ఊదుకుంటూ, "ఆయనతో మాట్లాడితే పొద్దుగూకిద్ది, నీ పని చూసుకో అమ్మా" అంది.

ఆ రోజుల్లోనే మా ఆఫీసుకు కార్తీక్ వచ్చాడు. సత్తెనపల్లి కుర్రాడు, హైదరాబాదులో పెద్ద కంపెనీలో చేసి వచ్చాడు. మా సారు ఆయన్ని టీమ్ లీడ్‌ను చేశారు. ఆ పదానికి అర్థం, కోడ్ ఎట్లా ఉండాలో ఆయన చెబితే మేం వినాలి. మొదటి మీటింగులోనే, ఇకనుంచి కొత్తగా రాసేదంతా కోట్లిన్‌లో, పాత జావా అట్లాగే ఉంటుంది, రెండూ ఒకే యాప్‌లో కలిసి నడుస్తాయి అన్నాడు.

న్యాయం చెప్పాలి. ఆయన అన్నదాంట్లో తప్పులేదు. కోట్లిన్ జావా తర్వాత వచ్చిన భాష. రెండూ పక్కపక్కన ఒకే యాప్‌లో ఇమిడిపోతాయి. ప్రపంచమంతా అట్లాగే చేస్తోంది. మా నాన్నకు ఇంట్లో ఈ సంగతి చెబితే, "ఒక కంపెనీ ఇంజనుకు ఇంకో కంపెనీ గేర్‌బాక్స్ మేమూ బిగిస్తాం. బండి నడిచిద్ది. అతుకు కాడ మాత్రం చెయ్యి పెట్టి చూసుకోవాల" అన్నాడు.

మా అతుకు ఎక్కడుందంటే, ఖాళీ దగ్గర. ప్రోగ్రామర్లు ఖాళీ విలువను నల్ అంటారు. జావా నల్‌ను పట్టించుకోదు, రానిస్తుంది, పోనిస్తుంది. కోట్లిన్ అట్లా కాదు. ఇక్కడ ఖాళీ ఉండవచ్చా ఉండకూడదా అని రాసేవాడిని ముందే నిలదీస్తుంది. ఉండకూడదు అని రాశాక ఖాళీ వస్తే ఒప్పుకోదు, ప్రోగ్రామ్ అక్కడికక్కడ కూలిపోతుంది. దాన్నే క్రాష్ అంటాం. అయితే ఒక మెలిక ఉంది. జావా వైపు నుంచి వచ్చే విలువల్లో ఖాళీ ఉందో లేదో కోట్లిన్‌కు ముందుగా తెలియదు. రాసేవాడే చూసుకోవాలి.

కార్తీక్ ప్లాన్ ప్రకారం, పద్మక్క స్క్రీన్ జావాలోనే ఉంటుంది. డ్రైవర్ కోసం కొత్త స్క్రీన్ కోట్లిన్‌లో వస్తుంది. ఇకమీదట మధ్యలో పద్మక్క ఫోన్లు, వాట్సాప్‌లు ఉండవు. లిస్టు నేరుగా మీరావలి మామ ఫోన్‌లోకి వెళుతుంది, అడగాల్సినవాళ్ళను ఆయనే అడుగుతాడు. కాబట్టి పద్మక్క స్క్రీన్ మీద ఎర్ర వరుస తీసేశారు. ఆమెకు ఆ రోజు రావాల్సిన పేషెంట్ల పేర్లు మాత్రం కనిపిస్తాయి.

మీటింగులో నేను లేచి చెప్పాను.

"కార్తీక్ గారూ, పికప్ గడి ఖాళీగా ఉన్నవాళ్ళున్నారు. అది పొరపాటు కాదు, అడగాలని అర్థం. ఆ ఎర్ర వరుస డ్రైవర్ స్క్రీన్ మీదికి రావాలి."

"ఖాళీ డేటా మన సమస్య కాదు నస్రీన్ గారూ. ఫ్రంట్ డెస్క్ వాళ్ళని నింపమనండి."

"నింపడానికి వాళ్ళకే తెలియదండీ. కోతలకు పోయేవాళ్ళకి రేపు ఏ చేనో ఈ రోజు ఎవరికి తెలుసు?"

"ఏదో ఒక డిఫాల్ట్ పెట్టమనండి. సొంతూరు పెట్టుకోవచ్చుగా." ఆయన గడియారం చూసుకున్నాడు. "సరే, నోట్ చేసుకున్నాను. నల్ కేసు డెమో తర్వాత చూద్దాం. జావా అలవాటైనవాళ్ళకి నల్ మీద కొంచెం ప్రేమ ఎక్కువ."

అందరూ నవ్వారు. మా సారు కూడా నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. మాట్లాడేది మనుషుల గురించి, వినపడేది మాత్రం జావా గురించి. ఆ గదిలో నేను ఏం చెప్పినా పాత భాష తరఫున వకాల్తా పుచ్చుకున్నట్టే తీసుకునేవాళ్ళు.

కొత్త యాప్‌ను సెంటర్ మేనేజర్‌కు నడిపి చూపించే డెమో రోజు నేను సెంటర్‌లో పద్మక్కకు కొత్త స్క్రీన్ నేర్పుతున్నాను. ఆఫీసులో డెమో బ్రహ్మాండంగా జరిగిందని కబురొచ్చింది. సెంటర్ మేనేజర్‌కు చాలా నచ్చిందట, స్వీట్లు పంచారట. సోమవారం నుంచి కొత్త యాప్ అన్నారు. ఒకరు రాసిన కోడ్‌ను యాప్‌లో కలిపే ముందు ఇంకొకరు చదవాలని మా పనిలో ఒక పద్ధతి ఉంది, రివ్యూ అంటారు. మా ఆఫీసులో లీడ్ రాసింది ఎవరూ చదవరు. ఆయన రాస్తాడు, ఆయనే కలిపేస్తాడు.

సోమవారం ఏం జరిగిందో నాకు ముక్కలు ముక్కలుగా తెలిసింది. వరసలో పెట్టి చెబుతాను.

శని, ఆదివారాలు మిషన్ లేకుండా గడిచాక సోమవారం డయాలిసిస్ పేషెంట్లకు కష్టమైన రోజు. శౌరమ్మ పొద్దున్నే ఇన్నయ్యను గురజాల దాటాక ఒక మిరప చేను పక్కన, తారురోడ్డు గట్టున కూర్చోబెట్టింది. ఫోన్ చేతిలో పట్టుకుంది. ఎప్పుడూ సెంటర్‌వాళ్ళే ఫోన్ చేసి అడుగుతారు, ఈమె చోటు చెబుతుంది. ఆ పొద్దు ఫోన్ మోగలేదు. వ్యాన్ మాత్రం వచ్చింది. దూరంనుంచే గుర్తుపట్టి ఆమె చెయ్యి ఎత్తింది. బండి ఆగలేదు. నిండా జనం ఉన్నారు, మళ్ళీ తిరిగొచ్చి ఎక్కించుకుంటారేమో అనుకుంది.

కాసేపు చూసి పద్మక్కకు ఫోన్ చేసింది.

"మా ఆయన పేరు ఉందా అమ్మా ఇయ్యాళ?"

పద్మక్క తన స్క్రీన్ చూసింది. ఉంది. జావాలో రాసిన స్క్రీన్ అది, ఖాళీ ఉన్నా పేరు చూపిస్తుంది. "ఎందుకు లేదు? ఉందిగా. బండి వచ్చిద్ది, అక్కడే ఉండండి" అంది. ఆమె చెప్పినదాంట్లో తప్పు లేదు. కళ్ళ ముందు పేరు కనిపిస్తుంటే ఎవరైనా అదే చెబుతారు.

వాళ్ళు అక్కడే ఉన్నారు. కదిలితే బండి తప్పిపోతుందని భయం. ఎండ ఎక్కాక ఇన్నయ్యను తుమ్మచెట్టు కిందికి జరిపింది. ముఠాలో ఆడవాళ్ళు అన్నం తెచ్చిపెడితే ఆయన తినలేదట.

మధ్యాహ్నం దాటాక, ఆయన ఎందుకు రాలేదని పద్మక్క మీరావలి మామను అడిగింది. అప్పుడు నాకు ఫోన్ చేసింది.

"నస్రీనూ, ఇన్నయ్య పేరు నా దాంట్లో ఉంది, మీరావలి దాంట్లో లేదంట. ఒకే యాప్‌లో ఇదేందమ్మాయ్, నాకు ఉన్నోడు ఆయనకు లేకుండా పోతాడా?"

మీరావలి మామ ఆమె చేతిలోంచి ఫోన్ తీసుకున్నాడు. "నేను చూశానమ్మా, ఆయన పేరు లేదే అనుకున్నా. ఆస్పత్రోళ్ళే తీసేశారేమో, అడ్మిట్ చేశారేమో అనుకున్నా. రోడ్డు మీద ఎవరో చెయ్యెత్తినట్టు అనిపించింది. కూలోళ్ళు లిఫ్ట్ అడుగుతున్నారనుకున్నానమ్మా. లిస్టులో లేనోళ్ళని ఎక్కించుకోవద్దని మొన్ననేగా మీటింగ్ పెట్టి చెప్పారు."

ఫోన్ పెట్టేసి డ్రైవర్ స్క్రీన్ కోడ్ తెరిచాను. వెతకనక్కర్లేకుండానే కనిపించింది. ఒక్కో పేషెంటును తీసుకుని లిస్టులో చేర్చే చోట, పికప్ గడి ఖాళీగా ఉండకూడదని రాశాడు. ఖాళీ వస్తే కూలిపోవాలి కదా, కూలిపోకుండా చుట్టూ ఒక ట్రై-క్యాచ్ బిగించాడు. ట్రై-క్యాచ్ అంటే, పని చేసి చూడు, తేడా వస్తే పట్టుకుని ఏం చేయాలో ఇక్కడ రాసినట్టు చెయ్యి అని ప్రోగ్రామ్‌కు చెప్పడం. పట్టుకున్నాక ఏం చేయాలో అక్కడ ఏమీ రాయలేదు. ఆ మనిషిని వదిలేసి తర్వాతి పేరుకు పో, అంతే. ఎవరికీ చెప్పక్కర్లేదు. ఇన్నయ్యతో పాటు ఇంకో ఇద్దరు ముగ్గురిని కూడా అట్లాగే వదిలేసింది. వాళ్ళు దగ్గరివాళ్ళు, బస్సెక్కి వచ్చేశారు.

కార్తీక్ సీటు దగ్గరికి వెళ్ళి స్క్రీన్ చూపించాను.

"ఇదేందండీ?"

ఆయన చదివాడు. "డెమో పొద్దున అసలు డేటాతో నడిపితే క్రాష్ అయిందండీ. మేనేజర్ కింద మెట్లెక్కుతున్నాడు. అప్పటికప్పుడు క్యాచ్ పెట్టాను. తర్వాత తీసేద్దామనే..."

"తర్వాత ఎప్పుడు?"

"మర్చిపోయాను."

"ఇన్నయ్యనే మర్చిపోయారు కార్తీక్ గారూ. డెమో మర్చిపోలేదు."

అప్పటికి సెంటర్‌లో మిషన్లన్నీ నిండిపోయాయి. వ్యాన్ మిగతావాళ్ళను ఇళ్ళకు దింపడానికి బయలుదేరాలి. రేపు పొద్దున్నే మొదటి మిషన్ ఇన్నయ్యకిస్తాం, బండి ఆయన కోసమే ముందు పంపిస్తాం అని పద్మక్క శౌరమ్మకు ఫోన్‌లో చెప్పింది. ఊపిరి బరువుగా ఉంటే దగ్గర్లో ఆస్పత్రికి తీసుకుపొమ్మంది. "రేపు పొద్దున దాకా ఆగుతాడులే" అని శౌరమ్మ అందట. కానీ బండి మాట ఇంకోసారి నమ్మలేదు. తెల్లారీతెల్లారగానే ముఠావాళ్ళు మాట్లాడిపెట్టిన ఆటోలో ఆయన్ని ఎక్కించి, తనే పేటకు బయలుదేరింది. పిడుగురాళ్ళ చేరకముందే ఇన్నయ్య చచ్చిపోయాడు.

చనిపోయాడు, కాలం చేశాడు, ప్రభువులో నిద్రించాడు, ఇట్లా మెత్తగా రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు. ఆటోలో, ఊపిరాడక, పెళ్ళాం ఒళ్ళో తల పెట్టుకుని చచ్చిపోయాడు.

రెండు రోజుల తర్వాత మా ఆఫీసులో మీటింగ్. మా సారు, సెంటర్ మేనేజర్, కార్తీక్, నేను. సారు ముందు అడిగిన ప్రశ్న ఇది: "యాప్ క్రాష్ అయిందా?"

"లేదు సార్," అన్నాడు కార్తీక్. ల్యాప్‌టాప్‌లో గ్రాఫు చూపించాడు. కొత్త యాప్ పెట్టినప్పటినుంచి ఒక్క క్రాష్ లేదు. గీత పైన తిన్నగా పచ్చగా ఉంది.

"మరి గడి ఖాళీగా వదిలిందెవరు?"

"మా ఫ్రంట్ డెస్క్ అండీ," అన్నాడు మేనేజర్, తల దించుకుని.

"అయితే వివరాలు రాలేదనేగా," అన్నారు సారు. పేషెంటు తరఫువారు పికప్ వివరాలు తెలియజేయనందున వ్యాన్‌లో చేర్చలేకపోయాము అని ఇంగ్లీషులో నీటుగా టైపు చేయించారు.

నేను ఊరుకోలేదు. "వివరాలు చెప్పకపోవడం ఏంటి సార్? ఆమె ఫోన్ చేతిలో పట్టుకుని రోడ్డు మీద కూర్చుంది. చెయ్యి కూడా ఎత్తింది. మనం అడగలేదు. అడగాలని చెప్పే వరుస పాత స్క్రీన్‌లో తీసేశాం, కొత్తదాంట్లో పెట్టలేదు. పైగా క్రాష్ కాకుండా నోరు నొక్కాం. ఆ పొద్దు మీరావలి మామ ఫోన్‌లో యాప్ కూలిపోయి ఉంటే ఆయన వెంటనే పద్మక్కకు ఫోన్ చేసేవాడు. ఆమె పాత పద్ధతిలో అందర్నీ అడిగేది. ఇన్నయ్య బండెక్కేవాడు. ఇదే రాయండి సార్ అందులో."

సారు నన్ను జాలిగా చూశారు. "అమ్మా నస్రీన్, ఆవేశపడకు. ఆయన ఎట్టాగూ పోయేవాడే. రెండు కిడ్నీలూ లేని మనిషి ఎంతకాలం ఉంటాడు?"

"ఎట్టాగూ పోయేవాళ్ళయితే వాళ్ళకి బండి ఎందుకు సార్, మనం యాప్ రాయడం ఎందుకు?"

మేనేజర్ టీ కప్పు తీసుకున్నాడు. కాగితం మీద సంతకాలయ్యాయి. నన్ను సంతకం అడగలేదు, అడిగినా పెట్టేదాన్ని కాదు.

మెట్ల మీద కార్తీక్ నన్ను ఆపాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "నేను కావాలని చేశానా నస్రీన్ గారూ? నన్ను హంతకుణ్ణి చూసినట్టు చూస్తున్నారు."

"కావాలని చెయ్యలేదు. ఆ మాట లోపల సారు ముందు చెప్పి ఉండాల్సింది."

"చెబితే నా ఉద్యోగం ఉంటుందా?"

నిజంగానే ఉండేది కాదు. ఆయన మీద జాలి పడాలని ఇప్పటికీ ప్రయత్నిస్తుంటాను. సగం దాకా వస్తుంది, ఆగిపోతుంది.

ఆ సాయంత్రమే ఆయన కోడ్ సరిచేశాడు. ఖాళీ ఉండవచ్చు అని కోట్లిన్‌కు చెప్పాడు, ఎర్ర వరుసను డ్రైవర్ స్క్రీన్ మీదికి తెచ్చాడు, నోరు నొక్కిన ట్రై-క్యాచ్ తీసేశాడు. పట్టుమని పది నిమిషాలు కూడా పట్టని పని. మేం కోడ్ మార్చినప్పుడు ఏం మార్చామో పక్కన చిన్న మాట రాస్తాం, కమిట్ మెసేజ్ అంటారు. ఆయన రాసింది చూశాను. "మైనర్ ఫిక్స్." చిన్న సవరణ.

కొన్నాళ్ళకు ఒక ఆదివారం మాచర్ల బస్సెక్కి రెంటచింతల వెళ్ళాను. శౌరమ్మ ఇంట్లోనే ఉంది. కోతలకు పోవడం మానేసింది. చర్చి నుంచి అప్పుడే వచ్చినట్టుంది, తెల్ల చీరలో ఉంది. గోడ మీద మరియమాత పటం పక్కన ఇన్నయ్య ఫొటో పెట్టారు. ఆధార్ కార్డు ఫొటోనే పెద్దది చేయించారు, అందులో కూడా ఏదో జోకు వేయబోతున్నట్టున్నాడు. నన్ను చూసి శౌరమ్మ ఏడవలేదు. కుర్చీ వేసి, నీళ్ళిచ్చింది.

"ఒకటి అడగతా, నిజం చెప్పు," అంది. "ఆస్పత్రోళ్ళు మేమే అడ్రసు చెప్పలా అంటన్నారు. మేం ఎన్నడు చెప్పకుండా ఉన్నాం? అడిగినోళ్ళకి చెప్పలా? మా ఆయన పేరు ఎందుకు తీసేశారమ్మా?"

నాకు తెలిసినంత తేటగా చెప్పాను. మీరు చెప్పకపోవడం అబద్ధమని చెప్పాను. ఫోన్‌లో పనిచేసే మిషన్‌ను రెండు రకాలుగా రాశామని, ఒక సగానికి ఖాళీ అంటే అడగాలని తెలుసని, రెండో సగానికి మేం ఆ సంగతి చెప్పలేదని, అందుకని అది ఆయన్ని వదిలేసిందని చెప్పాను. వదిలేసిన సంగతి ఎవరికీ తెలియకుండా ఉండేట్టు మా ఆఫీసే చేసిందని కూడా చెప్పాను. ఈ ముక్క బయట చెప్పవద్దని మాకు ఆర్డరు. నేను చెప్పాను.

ఆమె అంతా విన్నది. చీర కొంగు మడతలు పెట్టింది.

"అదా సంగతి," అంది. "మరి మొన్న ఫోన్ చేశారేందమ్మా?"

"ఎవరు పిన్నీ?"

"బండి డ్రైవరంట. ఎవరో కొత్తాయన, మీరావలి కాదు. పొద్దున్నే ఫోన్ చేసి, 'అమ్మా, ఇన్నయ్య గారిని ఎక్కించుకోటానికి ఇయ్యాళ బండి ఎక్కడికి రావాల?' అని అడిగాడు. ఎంత మర్యాదగా అడిగాడో!"

ఏం జరిగిందో నాకు వెంటనే తెలిసిపోయింది. మీరావలి మామ ఆ వారం సెలవు పెట్టాడు, బండి ఎక్కలేకపోతున్నానని. ఇన్నయ్య పేరు సెంటర్ రికార్డులో ఇంకా మూయలేదు. పికప్ గడి ఇంకా ఖాళీగానే ఉంది. సరిచేసిన యాప్ ఆయన పేరును అన్నిటికన్నా పైన, ఎర్ర అక్షరాల్లో, ఫోన్ చేసి అడగాలి అని చూపించింది. కొత్త డ్రైవర్ అడిగాడు. ఇప్పుడు అంతా సరిగ్గా పనిచేస్తోంది.

"మీరేమన్నారు పిన్నీ?"

"ఏమంటాను? సమాధుల తోటకి రమ్మన్నా." అప్పుడు ఏడ్చింది. "ఆ ఒక్క మాట ఆ సోమవారం అడిగి ఉంటే ఏం పోయేదమ్మా మీ సొమ్ము?"

ఆ నెలాఖరుకు ఆ ఉద్యోగం మానేశాను. ఇప్పుడు పేటలోనే ఇంకో చోట చేస్తున్నాను, నా చేతి కింద కొత్తగా చేరినవాళ్ళున్నారు. మా యాప్‌లలో జావా ఉంది, కోట్లిన్ ఉంది, రెండూ కలిసే ఉన్నాయి. భాషల మీద నాకు పగ లేదు. రెండిటిలో ఏదీ ఇన్నయ్యను చంపలేదు. జావా ఖాళీని దాచిపెట్టలేదు, కోట్లిన్ ఖాళీని చూసి కేక వేసింది. మధ్యలో ఆ కేక వినపడకుండా చేసింది మనుషులు.

నేను నేర్చుకున్నది పెద్ద శాస్త్రమేం కాదు. గడి ఖాళీగా ఉంటే తిట్టుకునే ముందు, దాన్ని ఖాళీగా ఉంచిన మనిషి దగ్గరికి నడిచి వెళ్ళి ఎందుకని అడగాలి. యాప్ కూలిపోతే సిగ్గుపడనక్కర్లేదు. కూలితే మనిషి మనిషికి ఫోన్ చేసుకుంటాడు. ఇవి మా కుర్రాళ్ళకు చెబుతుంటాను. అయినా ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు నా సీటు దగ్గరికి వచ్చి, "మేడమ్, క్రాష్ రాకుండా చేసేశాను" అని సంతోషంగా చెబుతారు. పాపం, మెచ్చుకుంటానని అనుకుంటారు. కోడ్ తెరవమని, నేను ఒకటే అడుగుతాను: "క్రాష్ రాకుండా చేశావు సరే. బండిలోంచి ఎవర్ని దింపేశావు?"